రెండో తుపాకీ

"వీడు నిన్ననే ఒప్పేసుకున్నాడు కో ప్రకాష్. నువ్వు అనవసరంగా ఎండలో పడొచ్చేవు," అన్నాడు హరినాథ్, బర్మావాళ్ళు అన్నా అనడానికి వాడే 'కో' తగిలించి, బల్లమీది కాగితాన్ని వేలితో తట్టి.

సూర్యప్రకాష్ కాగితం వైపు చూడలేదు. గోడ గడియారం చూశాడు. రెండూ పది. అయిదింటికి పోలీసు జీపు వస్తుంది. కాగితాన్నీ, మనిషినీ కలిపి తీసుకుపోతుంది.

మనిషి మూలన గోనెల మీద ఉన్నాడు. పేరు జోగి, సేక్కాన్ రేవులోని ఈ గోడౌనుకి కాపలాదారు. అరవై దాటిన వాడు. ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. కింది పెదవి చిట్లి, రక్తం గడ్డం మీద ఎండిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం రెండూ నలభైకి ఇదే గదిలో చిట్టిబాబు చచ్చిపోయాడు. అతను గోడౌను మేనేజరు. పప్పుల వ్యాపారి వెంకట్రావుకి స్వయానా బావమరిది. మూడు బారల దూరం నుంచి తుపాకీ దెబ్బ గుండెల మీద పడింది. పోలీసులకంటే ముందు హరినాథ్ వచ్చాడు. మింగళాడోన్ పేట నుంచి రేవు గోడౌన్లకి కాపలాదార్లని సరఫరా చేసే ఆసామీ అతను. పోలీసులొచ్చి, శవాన్ని పంపించి, తుపాకులు లోపలే ఉంచి గదికి తాళం వేసి, ఆ తాళం చెవి అతని చేతికే ఇచ్చి వెళ్ళారు. వాళ్ళకి అతనంటే అంత నమ్మకం.

కూపీ లాగడానికి ప్రకాష్‌ని పెట్టుకున్నది వెంకట్రావు భార్య సీతాదేవి. చచ్చినవాడి అక్క. నిన్న లమ్మడా పేటలో అతని గదికి వచ్చి, కుర్చీలో కూచోకుండానే చెప్పింది. "జోగి కాదు. మా ఆయనే. నాకు రుజువు కావాలి." కంటతడి లేదు. పన్నెండేళ్ళు పోలీసు స్టేషన్లో రైటరు పని చేసి, ఏడ్చేవాళ్ళ మాటలు రాసీ రాసీ విసిగిపోయిన ప్రకాష్‌కి ఆ పొడికళ్ళు నచ్చాయి.

"తుపాకులు చూడనీ," అన్నాడు.

రెండూ బల్లమీద పక్కపక్కనే ఉన్నాయి. రెండూ పన్నెండు బోరువే. రెండూ ముందున్న చెక్కపిడిని వెనక్కి లాగి ముందుకి తోస్తే తూటా ఎక్కే పంపు తుపాకులే. ఒకటి రెమింగ్టన్, ఇంకోటి మాస్‌బర్గ్. ఈ రకంలో జనం ఎక్కువగా కొనేవి ఆ రెండే. గోడౌనుకి ఒకటి కావాలని వెంకట్రావు అడిగితే, ఏది కొనాలో తేల్చుకోమని అమ్మేవాడు రెండూ తెచ్చి వారం రోజులకి వదిలివెళ్ళాడు.

"పేలింది మాస్‌బర్గ్. ఖాళీ డొప్ప నేనే బైటికి లాగేను," అన్నాడు హరినాథ్. "రెండోదాన్ని ఎవడూ ముట్టలేదు."

"కాగితంలో ఏం రాయించేవు?"

"చదువుకో."

"నువ్వే చెప్పు. నీ మాటలేగా!"

హరినాథ్ నవ్వాడు. "చిట్టిబాబు వీణ్ణి తిట్టేడు. కొట్టడానికి మీదికొచ్చేడు. వీడు మాస్‌బర్గ్ ఎత్తి, సేఫ్టీ తీసి, పేల్చేడు. అంతే."

"జోగీ, లే."

జోగి గోడ పట్టుకుని లేచాడు. ప్రకాష్ అతని కుడిచెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగాడు. నాలుగు వేళ్ళే ఉన్నాయి. బొటనవేలు ఉండాల్సిన చోట తోలు ముడుచుకుపోయిన మొండి ఉంది. ప్రకాష్ దాన్ని గట్టిగా నొక్కాడు. జోగి పళ్ళు బిగించాడు.

"ఇదెప్పుడు పోయింది?"

"పన్నెండేళ్ళయిపోనాది బాబూ. రేవులో. కొక్కెం కింద పడిపోనాది."

"తుపాకీ ఏ చేత్తో పడతావు?"

"కుడిసేత్తోనే."

ప్రకాష్ మాస్‌బర్గ్ తీసి, లోపల వేలు పెట్టి ఖాళీయే అని చూసుకుని, సేఫ్టీ వేసి అతని చేతిలో పెట్టాడు. జేబులోంచి వాచీ తీశాడు. "భుజానికి ఎత్తు. సేఫ్టీ తియ్యి. ఊఁ!"

జోగి ఎత్తాడు. మాస్‌బర్గుకి సేఫ్టీ మీట వెనకాల, పైన, బొటనవేలు ఆనే చోట ఉంటుంది. జోగి మొండి దానిమీద జారింది. చూపుడువేలు మడిచి కణుపుతో తోసాడు, అందలేదు. తుపాకీ దించాడు. కడుపుకి ఆనించుకుని ఎడమచేతిని వెనక్కి తెచ్చాడు. బరువు ముందుకి తూలి గొట్టం నేలని గుద్దింది. అప్పుడు మీట కదిలింది.

"పదకొండు సెకన్లు," అన్నాడు ప్రకాష్. "ఇప్పుడు రెండోది పట్టు. ట్రిగ్గరు జోలికి మాత్రం పోకు."

రెమింగ్టన్ సేఫ్టీ అలా కాదు. ట్రిగ్గరు వెనకాల అడ్డంగా ఒక గుండీ ఉంటుంది. దాన్ని చూపుడువేలే తోస్తుంది. జోగి భుజానికి ఎత్తడం, గుండీ టక్కుమనడం ఒక్కసారే అయ్యాయి.

"ఒక్క సెకను కూడా లేదు. చూసేవా హరినాథ్? రెండూ బల్లమీదే ఉన్నాయి. వీడికి కోపం వస్తే వీడి చెయ్యి దీనిమీదకే పోవాలి. దీన్ని వదిలి దాన్ని ఎత్తేడంటావు. సరే, ఎత్తేడే అనుకో. మీదికొచ్చేవాడు పదకొండు సెకన్లు ఆగి నిలబడతాడా, కాల్చుకొమ్మని?"

హరినాథ్ నవ్వు తగ్గింది. "స్టేషన్లో ఎవడూ వాచీ పట్టుకుని కూర్చోడు."

"బొటనవేలు లేదని చూస్తారు. అది చాలు. రెమింగ్టన్ గుండీ కుడిచేతి వాళ్ళకే వీలు. మాస్‌బర్గు ఏ చేతివాటం వాడికైనా అమరుతుంది. వెంకట్రావుది ఎడమచెయ్యి. లమ్మడాలో అందరికీ తెలుసు."

"నోరు అదుపులో పెట్టుకో. ఆయన మంచం దిగలేదు మంగళవారం నుంచీ."

"చేసినవాడు మంచం దిగడులే." ప్రకాష్ జోగి వైపు తిరిగాడు. "ఎవడు పేల్చేడు?"

జోగి నేలకేసి చూశాడు. "నానే బాబూ."

"నువ్వు కాదని ఇప్పుడే తేల్చేను."

"నానే. నా కూతురు బేబీ ఆ బాబోరింట్లోనే పనిసేస్తంది. మరేటీ అడక్కండి."

హరినాథ్ కిళ్ళీ పొట్లం విప్పుకుంటూ చిన్నగా ఈల వేశాడు. ఇంక గెలిచినట్టే అతనికి.

ప్రకాష్‌కి మండింది. సీతాదేవి నిన్న ఒక మాట చెప్పింది, వెంకట్రావు మధ్యాహ్నంపూట మనుషుల్ని నిలబెట్టి తుపాకులతో ఆడతాడని. అదేం ఆటో ఇప్పుడు అర్థమైంది. ఈ ముసలాడు నోరు విప్పడానికి దెబ్బలు పనికిరావు. దెబ్బలు హరినాథ్ వాడేశాడు. ప్రకాష్ రెమింగ్టన్ అందుకున్నాడు.

"గోడకి నిలబడు."

జోగి ఎక్కడో చెప్పకముందే వెళ్ళి, గోడమీద ఎండిన నల్లటి మరక పక్కన, చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ఆ చోటు అతనికి అలవాటేనని చూస్తే తెలుస్తోంది. ప్రకాష్ తుపాకీ ఎత్తి అతని గుండెకి గురిపెట్టాడు. తనలో జాలి ఏమైనా ఉందా అని ఒక్క క్షణం వెతుక్కున్నాడు. లేదు. పైగా, ఆ ముఖంలో భయం పొంగుకొస్తుంటే లోపలెక్కడో హాయిగానే ఉంది.

"ఇలాగేనా ఆడేది?"

పిడిని వెనక్కి లాగి ముందుకి తోశాడు. ఛక్! ఛక్!

జోగి గొంతులోంచి కుక్కపిల్ల అరుపులాంటిది వచ్చింది. ప్రకాష్ వేలు ట్రిగ్గరు మీద బిగిసింది. ఖాళీ తుపాకీ టిక్కుమంటే వీడు కూలిపోతాడు, చెప్పేస్తాడు. బిగిసిన వేలు సగంలో ఆగిపోయింది. పిడి ముందుకి వెళ్తున్నప్పుడు చేతికి ఏదో తగిలింది. ఖాళీ తుపాకీ అంత బరువుగా మూసుకోదు.

గొట్టం నేలకి దించాడు. పిడిని మెల్లగా వెనక్కి లాగాడు.

ఎర్రటి తూటా ఒకటి పక్కనుంచి ఎగిరి సిమెంటు నేలమీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి హరినాథ్ బూటుకి తగిలి ఆగింది.

ప్రకాష్ తుపాకీని బల్లమీద పెట్టేశాడు.

"రెండోదాన్ని ఎవడూ ముట్టలేదన్నావు," అన్నాడు ప్రకాష్. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

జోగి గోడకి జారగిలబడి కూచుండిపోయాడు. లుంగీ తడిసిపోయింది. అప్పుడు మాటలు వాటంతటవే రాసాగాయి.

"ఆయనే బాబూ... వెంకట్రావు బాబే. రోజూ అన్నం తిన్నాక నన్ను ఈడ నిలబెట్టేవోడు. ఒకటెత్తి సక్‌సక్‌మనిపించి టిక్కుమనిపించేవోడు. మరొకటెత్తి అలాగే. 'ఏదిరా ఎక్కువ బయమేసింది? బయమేసిందే కొంటాను' అనీవోడు. అయిదు రోజులు నిలబడ్డాను. సోమారం నాడు లుంగీ పాడుసేసుకున్నాను. నవ్వినాడు. మంగళారం నా మోకాళ్ళు నిలబడనేదు. పడిపోనాను. సిట్టిబాబు బాబొచ్చినాడు. 'ముసలాణ్ణి ఒగ్గీ బావా, నానే నిలబడతాను, కానీ' అన్నాడు. నవ్వుతానే నిలబడ్డాడు. ఆయన మొదటిది ఎత్తినాడు. సక్‌సక్‌మంది..." జోగి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "పేలినాక ఆయన తుపాకీకేసి సూసి, 'ఖాళీయే కదరా, ఖాళీయే కదరా' అని ఒకటే ఏడుపు."

"తుపాకులు ఎక్కడినుంచి తెచ్చేడు?"

"పొద్దునే పదిన్నరకి ఇంటికాడినుంచి కార్లో తెస్తాడు. ఈ గదిలో ఎట్టి తాళమేసి, తాళం మొలలో దోపుకుంటాడు. రెండున్నరకే తీస్తాడు. సాయంకాలం మళ్ళీ ఇంటికే."

"తూటాలు?"

"అవీడికెప్పుడూ తేనేదు బాబూ."

ప్రకాష్ వంగి తూటా తీశాడు. ఎర్ర ప్లాస్టిక్కు మీద పసుపుపచ్చటి మరక. పొడిగా, సన్నగా, రెండు వేళ్ళ ఆనవాళ్ళు.

"కందిపప్పు గోడౌనిది," అన్నాడు హరినాథ్, కానీ గొంతులో ఇందాకటి ధీమా లేదు. "ఇక్కడ గాలి కూడా పసుపుగానే ఉంటుంది."

"నీ సున్నం ఇలా ఇవ్వు."

ప్రకాష్, హరినాథ్ కిళ్ళీ పొట్లంలోంచి తడిసున్నం వేలికి తీసుకుని, మరక అంచున రాశాడు. పసుపు చూస్తుండగానే ఎర్రబడింది. అతని వేలి కొసలు కూడా ఎర్రబడ్డాయి. పెళ్ళికూతురి పాదాలకి పెట్టే పారాణి రంగు.

"పప్పు ఎర్రబడదు," అన్నాడు. "ఇది వంటింటి జిడ్డు పసుపు కూడా కాదు. పొడి పసుపు. మంగళవారం పొద్దున పొడి పసుపుతో ఎవరి చేతులుంటాయి హరినాథ్?"

హరినాథ్ నోట్లో కిళ్ళీ నమలడం మానేశాడు.

ప్రకాష్ ఫోను తీశాడు. "సీతాదేవి గారూ, రుజువు దొరికింది. ఒక్కసారి గోడౌనుకి రండి."

మూడూ ఇరవైకి కారు ఆగింది. సీతాదేవి లోపలికొచ్చి ముందు గోడమీది మరకని చూసింది, తరవాత జోగిని, ఆ తరవాత హరినాథ్‌ని. కూచోమంటే కూచోలేదు.

"ఏం దొరికింది?"

"మీవారే పేల్చేడు. జోగి చెప్పేడు. తుపాకీ కూడా అదే చెప్తోంది."

ఆమె కళ్ళు మూసి తెరిచింది. "చాలు. ఆ మాట స్టేషన్లో చెప్పండి."

"ఒక్క చిక్కుంది. తూటాల పెట్టె మీ ఇంట్లో ఎక్కడ పెట్టేరు?"

"పూజ అలమర్లో. దానికొక్కదానికే తాళం ఉంది."

"ఎన్ని తూటాలు?"

"అయిదు. అమ్మేవాడు మచ్చుకిచ్చేడు."

"ఇప్పుడెన్ని ఉన్నాయి?"

"నాకేం తెలుసు? ఆయనే తీసుంటాడు. నా తమ్ముడంటే ఆయనకి మొదట్నుంచీ పడదు. కావాలనే చంపేడు."

ప్రకాష్ చేతిలోని తూటా ఆమె కళ్ళముందు పెట్టాడు. "ఇది రెండో తుపాకీలో దొరికింది. రెండిట్లోనూ పెట్టేరు. కావాలని చంపేవాడికి ఒకటి చాలమ్మా. తన చేతిలోకి ఏది తీసుకుంటాడో తనకి తెలుసు. రెండో తూటా వృథా. మీవారు ఏది కొనాలో ఇంకా తేల్చుకోలేదు. ఏది ముందు ఎత్తుతాడో ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలియదు. తెలియదు కాబట్టే రెండిట్లోనూ పెట్టేరు."

సీతాదేవి తూటా మీది ఎరుపుని చూసింది.

"పసుపుచేతుల్తో పెట్టేరు. మంగళవారం గౌరీపూజ మధ్యలో లేచేరా, అయ్యేకా?"

హరినాథ్ బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. బయట కూలీలు బస్తాలు దించుతున్న చప్పుడు.

"అయ్యేకే," అంది చివరికి. గొంతు తొణకలేదు. "ఇరవై రెండేళ్ళు కాపురం చేసేను ఆయనతో. నన్ను కూడా నిలబెట్టేడు వంటింటి గోడకి. అన్నం వడ్డించి వచ్చేనో లేదో, టిక్! 'నీకేది భయమేసిందే?' అన్నాడు. ఒక్కసారి నిజంగా పేలితే, ఎవడో ఒకడు చస్తే, ఈయన జైల్లో ముసలాడైపోతాడనుకున్నాను. అంతకంటే ఇంకేం కోరలేదు."

"ఎవడో ఒకడంటే?"

ఆమె గోడవార కూచున్న జోగి వైపు చెయ్యి చూపించింది, ఇంట్లో పాత సామాను చూపించినట్టు. "వీడు. రోజూ వీణ్ణే నిలబెడతాడని చెప్పుకుని నవ్వేవాడు. వీడు పోతే ఎవరికి లోటు?"

జోగి ఒంటికన్నుతో ఆమెని చూశాడు.

"మరి నా తమ్ముణ్ణెందుకు నిలబెట్టేడు?" అంది సీతాదేవి. ఇప్పుడు మొదటిసారి గొంతు పలచబడింది. "అదే నాకు తెలియాలి. వాణ్ణే ఎందుకు?"

ప్రకాష్ చెప్పకుండా ఉండగలిగేవాడు. ఆమె ఇందాకటి మాటకి బదులు తీర్చుకోవాలనిపించి ఒక్కొక్క మాటా తూచి చెప్పాడు.

"మీవారు నిలబెట్టలేదు. జోగి మోకాళ్ళు పట్టు తప్పి పడిపోయేడు. మీ తమ్ముడు ముసలాణ్ణి వదిలెయ్యమని, తనే వచ్చి నిలబడ్డాడు. నవ్వుతూ నిలబడ్డాడట."

సీతాదేవి గోడ దగ్గరికి నడిచి, ఆ మరక మీద అరచెయ్యి ఆనించి, అలాగే నిలబడిపోయింది. భుజాలు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎగిసి పడ్డాయి. మళ్ళీ ఇటు తిరిగేసరికి ముఖం ఎండిపోయి ఉంది.

"హరినాథ్," అంది. ఇప్పుడది యజమానురాలి గొంతు. "జీపు అయిదింటికా?"

"ముందే రమ్మన్నాను అమ్మా. మీరు వస్తున్నారని తెలిసేక." హరినాథ్ అప్పుడే లెక్కలు వేసేసుకున్నాడు. భార్యని పట్టిస్తే వెంకట్రావు పేరూ బయటికొస్తుంది. ఇద్దర్నీ కాస్తే ఇద్దరూ తన గుప్పిట్లో ఉంటారు.

"కాగితం ఉందిగా. ఉన్నదున్నట్టే పోనీ."

"అమ్మా, నన్ను పెట్టుకున్నది మీరు," అన్నాడు ప్రకాష్.

"నేనా? మిమ్మల్ని నేనెప్పుడు చూసేను?"

బయట జీపు బ్రేకు చప్పుడు. పోలీసు అధికారి ఒకడు ఇద్దరు జవాన్లతో లోపలికొచ్చాడు. గదంతా ఒక చూపు చూశాడు. గోడ దగ్గర నిలబడ్డ ఆడమనిషి, కింద కూలబడ్డ తడిసిన ముసలాడు, బల్ల పక్కన ఎర్రటి తూటా పట్టుకున్న మనిషి.

ప్రకాష్ బర్మీస్‌లో గబగబా మొదలుపెట్టాడు. "సార్, ఈ కాగితం అబద్ధం. పేల్చింది వెంకట్రావు, తూటాలు పెట్టింది ఈవిడ. ఇదిగో రెండో తూటా. ఈ ముసలాయన అంతా కళ్ళారా చూశాడు, చెవులారా విన్నాడు. అడగండి."

అధికారి జోగి ముందు నిలబడ్డాడు. "చెప్పు. ఏం చూశావు?"

జోగి ముందు సీతాదేవిని చూశాడు. ఆమె ఇంట్లో బేబీ ఉంది. హరినాథ్‌ని చూశాడు. అతని చేతి దెబ్బలు ఇంకా ఒంటిమీద మండుతున్నాయి. చివరికి ప్రకాష్‌ని చూశాడు. తనని విడిపించడానికి వచ్చిన మనిషి ఇతనేనని జోగికి తెలిసే దారి ఏదీ ఆ మధ్యాహ్నం ప్రకాష్ మిగల్చలేదు. మొండి నొక్కాడు, గోడకి నిలబెట్టాడు, గుండెకి గురిపెట్టాడు.

ముసలాడు గోడ పట్టుకుని లేచాడు. నాలుగు వేళ్ళ చెయ్యి ఎత్తి ప్రకాష్ వైపు చూపించాడు. బర్మీస్ తడబడకుండా వచ్చింది.

"ఈయన నన్ను గోడకి నిలబెట్టాడు సార్. తూటా ఉన్న తుపాకీ నా గుండెకి పెట్టాడు. ట్రిగ్గరు మీద వేలు పెట్టాడు. అదిగో, ఆ తూటాయే. ఇంక నేనేం చూడలేదు."

ఆఖరి మాట తప్ప, ప్రకాష్ కాదనడానికి అందులో ఒక్క అబద్ధం లేదు.

"ఈయన మీకు తెలుసా?" అని అధికారి సీతాదేవిని అడిగాడు.

"ఎప్పుడూ చూడలేదు," అంది ఆమె.

"రెండు తుపాకుల మీదా ఈయన వేలిముద్రలు ఉంటాయి సార్," అన్నాడు హరినాథ్ వినయంగా. "మంగళవారం రెండూ నలభైకి ఎక్కడున్నాడో కూడా అడగండి."

మంగళవారం ఆ వేళప్పుడు ప్రకాష్ తన గదిలో ఒంటరిగా పడుకుని నిద్రపోతున్నాడు. చూసినవాళ్ళు లేరు.

జవాను ఒకడు వచ్చి తూటా లాక్కుని, అతని వేళ్ళు విడదీసి, ఆ ఎరుపుని అధికారికి చూపించాడు. రెండోవాడు అతని చేతులు వెనక్కి విరిచాడు.

హరినాథ్ బల్లమీది కాగితాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, నిదానంగా తన జేబులో వేసుకున్నాడు. చిట్టిబాబు చావుకి వేరే మనిషి దొరికాడు. ఇంక దాంతో పనిలేదు.